గలీసియన్ ‘చెగార్’కీ తెలుగు ‘చేరు’కీ చుట్టరికం ఉందా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. స్పెయిన్ వాయవ్య మూలన ఉన్న గలీసియాలో ‘చెగార్’ అంటే చేరడం, తెలుగులో ‘చేరు’, మొదట ‘చె’, చివర ‘ర’, అర్థం ఒకటే, మరి మూలం కూడా ఒకటేనా అన్నది మొదటిది. లాటిన్‌లో ‘మడవడం’ అనే మాట నుంచి ‘చెగార్’ వచ్చిందట, ఓడవాళ్లు తెరచాప మడిస్తే ఒడ్డు చేరినట్టు కాబట్టి అలా అయిందట, ఇది నిజమేనా అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు: లేదు, ఏ చుట్టరికమూ లేదు. రెండోదాంట్లో మడత నిజం, తెరచాపకు మాత్రం సాక్ష్యం లేదు. ఎందుకో వరసగా చెప్తాను. ఈ పద్ధతి తెలిస్తే రేపు ఇంకో జంట కనిపించినప్పుడు మీరే తేల్చుకోవచ్చు.

ముందు ఆ చివరి ‘ర్’ సంగతి. సగం పోలిక దానిమీదే నిలబడింది, కానీ అది ధాతువులోది కాదు. మన నిఘంటువులు ‘చేరు’ అని ధాతువునే ఇస్తాయి. గలీసియన్ నిఘంటువులు ‘చేరడం’ అనే అర్థమిచ్చే రూపాన్ని ఇస్తాయి, ఆ రూపానికి ప్రత్యయం ‘ఆర్’. ‘ఫలార్’ మాట్లాడటం, ‘కాంతార్’ పాడటం, ‘చొరార్’ ఏడవటం, అన్నిట్లోనూ అదే ‘ఆర్’. క్రియను వాడుకలో పెట్టగానే అది ఊడిపోతుంది: ‘చేగొ’ అంటే చేరుతున్నాను, ‘చేగస్’ చేరుతున్నావు, ‘చేగ’ చేరుతున్నాడు. భూతకాలంలో ‘చెగేయ్’ చేరాను, ‘చెగాచెస్’ చేరావు, ‘చెగోవ్’ చేరాడు. ఈ రూపాల్లో ఎక్కడా ‘ర’ లేదు. ధాతువు ‘చెగ్’ మాత్రమే.

మన ‘చేరు’లో ‘ర’ ధాతువుకే చెందింది. చేరాను, చేరింది, చేర్చు, చేరిక, చేరువ, ఎటు తిప్పినా ‘ర’ పోదు. అంటే పోల్చాల్సింది ‘చెగ్’, ‘చేర్’. ‘గ’కీ ‘ర’కీ పొత్తు లేదు, అచ్చు పొడవు కూడా వేరు. మిగిలింది మొదటి ‘చ’ ఒక్కటే.

ఆ ‘చ’ కూడా పుట్టుకతో వచ్చింది కాదు. రోమన్లు ఆ నేలమీద మాట్లాడిన లాటిన్‌లో ఆ మాట ‘ప్లికారె’, మడవడం. అక్కడినుంచి ‘చెగార్’ దాకా నాలుగు మార్పులు జరిగాయి. నాలుగూ ఆ భాషలో ఇంకా చాలా మాటలకు జరిగినవే.

మొదటిది, మాట మొదట్లోని ‘ప్ల’ ‘చ’ అయింది. ‘క్ల’, ‘ఫ్ల’లకు కూడా ఇదే గతి. లాటిన్ ‘ప్లోరారె’ నుంచి ‘చొరార్’, ఏడవడం. ‘ప్లుంబుం’ నుంచి ‘చూంబొ’, సీసం. ‘క్లామారె’ నుంచి ‘చమార్’, పిలవడం. ‘క్లావెం’ నుంచి ‘చావె’, తాళంచెవి. ‘ఫ్లమ్మ’ నుంచి ‘చామ’, మంట. జరిగింది ఏమిటంటే, పెదవుల దగ్గరో గొంతు దగ్గరో పుట్టిన హల్లు వెంట ఉన్న ‘ల’ నాలుక నడుమకు జరిగి తాలవ్యమైంది. స్పానిష్‌లో ముందున్న హల్లు రాలిపోయి ఆ తాలవ్య ‘ల’ మిగిలింది. అందుకే అక్కడ ఏడవడం ‘యొరార్’, పిలవడం ‘యమార్’, చేరడం ‘యెగార్’. ఇప్పుడు ‘య’లా వినిపించేది ఒకప్పటి ఆ మెత్తటి ‘ల’యే. గలీసియన్‌లో రెండూ కలిసి గట్టిపడి ‘చ’ అయ్యాయి.

తెలుగువాళ్లు ఇక్కడ ఉచ్చారణలో ఒక పొరపాటు చేస్తారు. మనకు రెండు ‘చ’లు. ‘చెట్టు’, ‘చీమ’లలో తాలవ్యం, ‘చాప’, ‘చుక్క’, ‘చొక్కా’లలో దంత్యం. అచ్చును బట్టి నాలుక తనంతట తానే మారుతుంది. గలీసియన్‌లో అలా మారదు. ‘చావె’, ‘చూంబొ’, ‘చొరార్’ అన్నిట్లోనూ ‘చెట్టు’లోని ‘చ’యే పలకాలి. ‘చాప’లోలా పలికితే విన్నవాళ్లకు అది వేరే శబ్దం.

రెండోది, హ్రస్వ ‘ఇ’ ‘ఎ’ అయింది. ‘సిక్కుం’ నుంచి ‘సేకొ’, ఎండినది. ‘లిత్తెర’ నుంచి ‘లేత్ర’, అక్షరం. మూడోది, రెండు అచ్చుల మధ్య ‘క’ ‘గ’ అయింది: ‘అమీకుం’ నుంచి ‘అమీగొ’, స్నేహితుడు, ‘ఫొకుం’ నుంచి ‘ఫోగొ’, నిప్పు. నాలుగోది, చివరి ‘ఎ’ రాలింది. ప్లికారె, చెగార్. లెక్క సరిపోయింది, ఎక్కడా మినహాయింపు అడగాల్సిన పని పడలేదు.

రెండో, మూడో మార్పులు మనకు కొత్తవి కావు. సంస్కృత ‘ముఖం’ తద్భవమై ‘మొగం’ అయినప్పుడు జరిగినవి చూడండి. ‘ఉ’ దిగి ‘ఒ’ అయింది, అచ్చుల మధ్య ‘ఖ’ ‘గ’ అయింది. ‘ప్లిక్’ ‘చెగ్’ అవడంలో ‘ఇ’ దిగి ‘ఎ’ అయింది, ‘క’ ‘గ’ అయింది. రెండు భాషలకూ సంబంధం లేదు. నోరు చేసే పని ఒకటే. అచ్చుల మధ్య కంఠనాదం ఆపి మళ్లీ మొదలుపెట్టడం కంటే దాన్ని అలాగే కొనసాగించడం తేలిక. ఈ ‘గ’ దగ్గర ఇంకో సంగతి: గలీసియా పడమటి సగంలో చాలామంది ‘గ’ను ‘హ’లా పలుకుతారు. అక్కడివాళ్ల నోట ఇది ‘చెహార్’. దీన్ని ‘గెయాద’ అంటారు. ఆ తీరప్రాంతానికి వెళ్తే ఇది వేరే మాటేమో అనుకోకండి.

‘ప్ల’ అన్నిచోట్లా ‘చ’ అయితే గలీసియన్‌లో ‘ఎక్స్‌ప్లికార్’, ‘అప్లికార్’ ఎలా ఉన్నాయి అని సందేహం రావాలి. తత్సమం, తద్భవం తెలిసినవాళ్లకు దీని జవాబు చేతిలోనే ఉంది. ‘యాత్ర’ పుస్తకం నుంచి వచ్చి అలాగే ఉంది, ‘జాతర’ జనం నోళ్లలో నలిగి అలా అయింది, అర్థాలు కూడా విడిపోయాయి. గలీసియన్‌లోనూ అంతే, కాకపోతే పొరలు మూడు. నోటిమాటగా తరాలు దాటినవి ‘చ’ పొర. చర్చి, చదువుల ప్రభావంతో కొంత ఆలస్యంగానో, పాక్షికంగానో మారినవి ‘ప్ర’, ‘క్ర’ పొర: ‘ప్లతేయ’ నుంచి ‘ప్రాథ’, ఊరి కూడలి, ‘ఎక్లేసియ’ నుంచి ‘ఇగ్రేష’, చర్చి. నేరుగా పుస్తకాల నుంచి దిగినవి ‘ప్ల’ను అలాగే ఉంచుకున్నాయి. ‘ప్లికారె’ అదృష్టం ఏమిటంటే మూడు పొరల్లోనూ దాని పిల్లలున్నాయి. ‘చెగార్’ చేరడం. ‘ప్రేగ’ బట్టలో మడత. ‘ఎంప్రెగార్’ వాడుకోవడం, పనిలో పెట్టుకోవడం. ఆపైన ‘ఎక్స్‌ప్లికార్’, ‘అప్లికార్’, ‘కొంప్లికార్’. పాత అర్థం ‘ప్రేగ’ దగ్గర ఉండిపోయింది, పాత పొర మాత్రం ‘చెగార్’ది. ఏ పొరదో చూసుకోకుండా ‘చూశారా, నియమం తప్పింది’ అనేవాళ్లు చాలామంది ఉంటారు. వ్యుత్పత్తి చర్చల్లో ఎక్కువ తగవులు ఇక్కడే వస్తాయి.

ఇక అర్థం. మడవడం చేరడం ఎలా అయింది?

లాటిన్‌లో ‘ప్లికారె’కు ముందు ‘దగ్గరికి’ అనే అర్థమిచ్చే ఉపసర్గ చేరిస్తే ‘అప్లికారె’. బట్టను మడిస్తే ఒక పొర ఇంకో పొరకు ఆనుతుంది. అలా ఒకదాన్ని ఇంకొకదానికి ఆనించడం ‘అప్లికారె’. నిచ్చెనను గోడకు ఆనించినా, ఓడను ఒడ్డుకు ఆనించినా అదే మాట. ఓడ విషయంలో ఇది బాగా నలిగిన ప్రయోగం; ‘ఓడను’ అని విడిగా చెప్పకపోయినా ఒడ్డుకు వచ్చారనే అర్థం వచ్చేంతగా వాడారు. ఆనించడం నుంచి దగ్గరికి తేవడం, అక్కడినుంచి దగ్గరపడటం, ఆఖరుకు చేరడం. గలీసియన్‌లో నేటికీ ‘అచెగార్’ అంటే దగ్గరికి తేవడం; ‘కుర్చీ ఇటు జరుపు’ అన్నప్పుడు వాడేది అదే. అది లాటిన్ ‘అప్లికారె’ నుంచి సూటిగా వచ్చిందన్నా, ‘చెగార్’కు ముందు ‘అ’ చేర్చారన్నా శబ్దసూత్రాలకు రెండూ కుదురుతాయి. ఏదైనా సరే, ‘దగ్గర’ అనే నడిమి మెట్టు ఇంకా బతికే ఉందనడానికి అది సాక్ష్యం.

ఆ నడిమి మెట్టుకు రాతసాక్ష్యం కూడా ఉంది. 4వ శతాబ్దం చివర్లో ఎగేరియా అనే స్త్రీ యాత్రకు బయల్దేరి జెరూసలేం, సీనాయి, మెసొపొటేమియా తిరిగి, చూసినవన్నీ ఇంటిదగ్గరి తోటి స్త్రీలకు ఉత్తరంగా రాసింది. ఆమె గల్లేసియావాసి అని, అంటే నేటి గలీసియా, ఉత్తర పోర్చుగల్‌లు ఉన్న ఆనాటి రోమన్ రాష్ట్రం నుంచి వెళ్లిందని చాలామంది పండితుల అభిప్రాయం. దక్షిణ గాల్ (నేటి దక్షిణ ఫ్రాన్స్) అనేవాళ్లూ ఉన్నారు. 7వ శతాబ్దంలో గలీసియాకు ఆనుకుని ఉన్న బియెర్థొ ప్రాంతపు సన్యాసి వలేరియుస్ ఆమెను పొగుడుతూ తోటి సన్యాసులకు రాసిన లేఖ ఉంది. ఆమె రాసినదాంట్లో మిగిలిన భాగం 11వ శతాబ్దపు ప్రతిగా ఇటలీలోని అరెత్సొలో 1884లో గమురీని అనే పండితుడికి దొరికింది. ఆమె రాసింది పండితుల లాటిన్ కాదు, మాట్లాడే భాషకు దగ్గరగా ఉన్నది. అందులో కొండకు దగ్గరవడం, నగరానికి దగ్గరపడటం చెప్పేటప్పుడు ఆమె వాడిన క్రియ ‘ప్లికారె’, ఉపసర్గ లేకుండా. అవి ఎడారి దారులు, కొండదారులు. అక్కడ ఓడ లేదు, తెరచాప లేదు.

తెరచాప కథ బలహీనపడేది ఇక్కడే. ఇంకో చిక్కు కూడా ఉంది: తెరచాప చుట్టడానికి లాటిన్‌వాళ్లు మామూలుగా వాడిన క్రియలు ‘లెగెరె’, ‘కొంత్రాహెరె’ లాంటివి. ‘తెరచాప ప్లికారె’ అని వాడి, దాని నుంచి ‘చేరడం’ పుట్టిందని చూపాలంటే ఆ ప్రయోగం ముందు కనపడాలి కదా.

ఈ కథకు ఒక తోకుంది. రుమేనియన్‌లో అదే ‘ప్లికారె’ నుంచి వచ్చిన ‘ప్లెక’కు అర్థం ‘వెళ్లిపోవడం’, పూర్తిగా తిరగబడింది. పడమట నావికులు తెరచాప మడిస్తే ప్రయాణం ముగిసినట్టు, తూర్పున సైనికులు గుడారం మడిస్తే ప్రయాణం మొదలైనట్టు, అందుకే అక్కడ చేరడం, ఇక్కడ వెళ్లడం అని చెప్తారు. చెప్పడానికి ఎంతో బాగుంటుంది, అందుకే ఇంతగా వ్యాపించింది. కానీ రుమేనియన్ ‘ప్లెక’కు పాత అర్థం వంచడం, వంగడం. వంగి దండం పెట్టడాన్ని నేటికీ ‘ప్లెకచూనె’ అంటారు. ఒకవైపు వంగడం, ఆ వైపు తిరగడం, అటు బయల్దేరడం అనే మెట్లు గుడారం లేకుండానే సరిపోతాయి. నా నిర్ణయం అడిగితే, రెండు కథలనూ పక్కన పెట్టండి. స్పెయిన్ ఈశాన్యాన మాట్లాడే కెటలాన్‌లో ‘ప్లెగా’ అంటే మడవడంతో పాటు రోజు పని ముగించడం కూడా. పనిముట్లు సర్దేసుకోవడం అన్నమాట. అక్కడ మాత్రం మడతకూ ముగింపుకూ ముడి సహజంగా కనిపిస్తుంది.

ఇప్పుడు మన ‘చేరు’ ఇల్లు ఎక్కడుందో చూద్దాం. దాని తోబుట్టువులు తమిళంలో ‘సేర్’, మలయాళంలో ‘చేరుక’, కన్నడంలో ‘సేరు’. అన్నిచోట్లా మూల అర్థం కలవడం, జతపడటం. అందుకే మనం ‘ఊరు చేరాడు’ అన్నట్టే ‘కాలేజీలో చేరాడు’, ‘ముగ్గురూ ఒకచోట చేరారు’ అంటాం. ‘చెగార్’ ఈ రెండో మూడో వాక్యాలకు పనికిరాదు.

కన్నడ రూపం ఇక్కడ ఒక ముఖ్యమైన పని చేస్తుంది. తెలుగు ‘చ’లు రెండు రకాలుగా పుట్టాయి. ‘చెవి’కి కన్నడంలో ‘కివి’, ‘చెరువు’కు ‘కెరె’, ‘చేయి’కి ‘కై’. ఇవి మూలంలో ‘క’. తెలుగులో ‘ఇ’, ‘ఎ’ల ముందు ‘చ’ అయ్యాయి, కన్నడం పాత ‘క’ను నిలుపుకుంది. ‘చేరు’కు కన్నడంలో ‘కేరు’ లేదు, ‘సేరు’ ఉంది. కాబట్టి దీని ‘చ’ మొదటినుంచీ ‘చ’యే. అటు ‘చెగార్’ ‘చ’ మొదట్లో ‘ప్ల’. రెండు మాటలనూ రెండు వేల ఏళ్లు వెనక్కి నడిపిస్తే అవి దగ్గరవ్వాలి, చుట్టాలైతే. ఇవి దూరమవుతున్నాయి. ఒకవైపు ‘చేర్’, ఇంకోవైపు ‘ప్లిక్’. అనుమానానికి చోటు లేదు.

మరి ఇంత పోలిక యాదృచ్ఛికమా అని అడుగుతారు. అవును. ఏ రెండు భాషలు తీసుకున్నా వేల మాటలు, మాట మొదట వచ్చే శబ్దాలు కొద్దివి. కొన్ని జంటలు తగలక మానవు. ఇంగ్లిష్ ‘మచ్’, స్పానిష్ ‘ముచొ’ రెండిటికీ అర్థం ‘ఎక్కువ’, పైగా ఆ రెండు భాషలూ నిజంగా ఒకే కుటుంబం. అయినా ఆ రెండు మాటలకూ సంబంధం లేదు. ముచొ వచ్చింది లాటిన్ ‘ముల్తుం’ నుంచి, మచ్ వచ్చింది పాత ఇంగ్లిష్ ‘మిచెల్’ నుంచి.

నిజమైన చుట్టాలు ఇంత తేలిగ్గా మొహం చూపవు. గలీసియన్ ‘చేఒ’ అంటే నిండుగా ఉన్నది. లాటిన్ ‘ప్లేనుం’ నుంచి వచ్చింది: ‘ప్ల’ ‘చ’ అయింది, అచ్చుల మధ్య ‘న’ రాలిపోయింది. లాటిన్ ‘ప్లేనుం’, సంస్కృత ‘పూర్ణం’ రెండూ ‘నిండు’ అనే ఒకే ఇండో-యూరోపియన్ ధాతువు బిడ్డలు. పండగకు బూరెల్లో పెట్టే పూర్ణం గలీసియన్ ‘చేఒ’కు దూరపు చుట్టం, ఒక్క అక్షరం కలవకపోయినా. అలాగే ‘చొవేర్’, వాన కురవడం, లాటిన్ ‘ప్లువెరె’ నుంచి వచ్చింది. మన ‘ప్లవ’ నామ సంవత్సరంలోని ‘ప్లవ’ కూడా ఆ ధాతువుదే, తేలడం, ప్రవహించడం. ఇవి మనకు సంస్కృతం ద్వారా వచ్చిన మాటలు, తెలుగు ధాతువులు కావు. అది మరచిపోతే మళ్లీ తప్పుదారి పడతాం. ఇక ‘చెగార్’ సొంత చుట్టాలు తెలుగువాళ్ల నోట రోజూ నలుగుతూనే ఉన్నాయి, ఇంగ్లిష్ మీదుగా వచ్చి: అప్లై, రిప్లై, ఎంప్లాయీ, డూప్లికేట్. అన్నిట్లో ఉన్నది ఆ ‘ప్లిక్’ ధాతువే. డూప్లికేట్ అంటే అక్షరాలా రెండు మడతలు వేసింది.

మీరు సొంతంగా ఇలాంటి జంటను పరీక్షించేటప్పుడు క్రమం ఇలా పెట్టుకోండి. రెండు వైపులా ప్రత్యయాలు ఊడదీసి ధాతువు తేల్చండి. తర్వాత ప్రతి మాటనూ దాని ఇంట్లోనే వెనక్కి నడపండి. గలీసియన్‌కైతే రాయల్ గలీసియన్ అకాడమీ నిఘంటువులో నేటి అర్థం, కొరొమినాస్, పస్కువాల్‌ల స్పానిష్ వ్యుత్పత్తి నిఘంటువులో చరిత్ర చూడొచ్చు. పేరు స్పానిష్‌దే అయినా గలీసియన్, పోర్చుగీసు రూపాలనూ అందులో చర్చిస్తారు. తెలుగుకైతే బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు, 1984 నాటి రెండో కూర్పు. ఆ తర్వాతే రెండు పాత రూపాలనూ పక్కపక్కన పెట్టండి. ‘ఈ శబ్దం ఆ శబ్దమైంది’ అని చెప్పాలంటే అదే మార్పు జరిగిన మాటలు ఇంకో మూడు నాలుగైనా చూపగలగాలి. చూపలేకపోతే అది నియమం కాదు, ఊహ. అర్థాన్ని అన్నిటికంటే చివర చూడాలి. చాలామంది అర్థంతో మొదలుపెట్టి, శబ్దాలను దానికి సరిపెట్టుకుంటూ పోతారు. చెడేది అక్కడే.

ఇంకో పొరపాటు: ‘చెగార్’ పోర్చుగీసు నుంచి గలీసియన్‌లోకి వచ్చిందని రాయడం. మధ్యయుగంలో ఆ రెండూ ఒకే భాష. 13వ శతాబ్దపు పాటల్లో ఆ మాట అప్పటికే ఉంది. తర్వాత లిస్బన్ వైపు ‘చ’ మెత్తబడి ‘ష’ అయింది, కాబట్టి అక్కడ ‘షెగార్’. గలీసియన్, ఉత్తర పోర్చుగల్‌లోని కొన్ని మాండలికాలు పాత ‘చ’ను వదల్లేదు. పోర్చుగీసు కూడా ఒకప్పుడు ‘చ’ పలికిందనడానికి ఒక సాక్ష్యం మన దేశంలోనే ఉంది. 1498 తర్వాత పోర్చుగీసువాళ్లతో పాటు వాళ్ల ‘చావె’ కూడా దిగింది. హిందీ, ఉర్దూలలో ‘చాబీ’ అయింది, తమిళంలో ‘సావి’ అయింది. హైదరాబాద్‌లో రోజూ వినిపించే ఆ చాబీలో ‘ష’ లేదు, ‘చ’ ఉంది. వాళ్లు మన రేవుల్లో దిగేనాటికి వాళ్ల నోట అది ఇంకా ‘చావె’యే అన్నమాట. ఇది చదివి మన తాళంచెవిలోని ‘చెవి’ని దీనికి ముడిపెట్టాలని ఎవరికైనా అనిపిస్తే, పైన చెప్పిన పరీక్షలన్నీ పెట్టాకే ఆ మాట అనండి.

గలీసియన్ నేర్చుకుంటున్నారు కాబట్టి వాడుక ఒక్కటి. ‘చేగ!’ అని గట్టిగా అంటే ‘చేరుతున్నాడు’ అని కాదు, ‘ఇక చాలు!’ అని. కావలసిన గీతదాకా చేరింది కాబట్టి చాలు. ‘నొన్ చేగ’ అంటే సరిపోదు. జీతం గురించి ‘నొన్ చేగ ఆ ఫిన్ దె మెస్’ అంటారు, మనం ‘నెలాఖరుదాకా రాదు’ అన్నట్టే. ఆ చోట ‘చేరదు’ అని తెలుగు చేస్తే వాక్యం చెడుతుంది.